ఏ బాలానగర్?

ఒక కవరు మీద గ్రహీత పేరు, దాని క్రింద "బాలానగర్, తెలంగాణ" అన్న రెండు మాటలు మాత్రమే వ్రాసి తపాలా పెట్టెలో వేశారనుకొందాం. లోపల ఉన్నది ఉద్యోగానికి రమ్మనే పిలుపు కావచ్చు. పది రోజులలో జవాబు అందకపోతే ఆ ఉద్యోగం మరొకరికి పోతుంది. ఆ కవరు ఎక్కడికి చేరుతుంది?

హైదరాబాద్ వాసిని అడిగితే ఇదీ ఒక ప్రశ్నేనా అంటాడు. నగరానికి వాయవ్య దిశలో, కూకట్‌పల్లి పక్కన బాలానగర్ ఉన్నది. 1960వ దశాబ్దంలో అక్కడ కర్మాగారాలు వరుసగా వెలిశాయి. సోవియట్ సహకారంతో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి శాఖ, పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్రసంస్థ, వాటి చుట్టూ వందలకొద్దీ చిన్న లేతు మిషన్ల షెడ్లు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో అది ఒక మండలం కూడా.

ఇదే ప్రశ్న జడ్చర్లలో అడిగితే అక్కడివాడు దక్షిణాన ఉన్న తన బాలానగర్‌ను చూపిస్తాడు. హైదరాబాద్ నుంచి బెంగుళూరు పోయే 44వ జాతీయ రహదారి మీద, షాద్‌నగర్ దాటిన తరువాత, జడ్చర్ల రాకముందు ఆ ఊరు వస్తుంది. అది మహబూబ్‌నగర్ జిల్లాలో మండల కేంద్రం. దానికి రైల్వే స్టేషను కూడా ఉన్నది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నగరంలోని బాలానగర్‌కు 2017 నవంబరులో మెట్రో స్టేషను వచ్చింది కాని, రైల్వే పట్టికలో "బాలానగర్" అని కనిపించే స్టేషను మాత్రం అరవై డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ రెండవ ఊరిదే. పట్టిక చూసి టిక్కెట్టు కొని, దిగిన తరువాత ఐ.డి.పి.ఎల్. ఎటువైపు అని అడిగేవాడికి సమాధానం చెప్పడం కష్టం.

కాకతాళీయం ఇంతటితో ఆగలేదు. నగరంలో బాలానగర్ మెట్రో స్టేషనుకు తరువాతి స్టేషను మూసాపేట. మహబూబ్‌నగర్ జిల్లాలో, అదే 44వ రహదారి మీద, జడ్చర్లకు దక్షిణంగా మూసాపేట అనే మండలం ఉన్నది. అంటే రెండు జంట పేర్లు ఒకదానికొకటి దగ్గరగా, రెండు చోట్ల, ఒకే రాష్ట్రంలో నిలిచి ఉన్నాయి. "మూసాపేట దగ్గరి బాలానగర్" అని వివరించినా, తెలియనివాడికి సందేహం పూర్తిగా తీరదు.

ఇన్ని పేర్లు ఎందుకు కలుస్తాయి? ఊరి పేరు పెట్టే పద్ధతిలోనే దీనికి కారణం కనిపిస్తుంది. తెలుగు నాట చాలా ఊళ్ళ పేర్లు రెండు ముక్కలు. చివరి ముక్క పల్లి, ఊరు, పాడు, పాలెం, గూడెం, పురం, పేట, నగర్, ఆబాద్ వంటి కొద్ది మాటలలో ఒకటి. మొదటి ముక్క ఒక దేవుడి పేరో, ఒక మనిషి పేరో, చెట్టో, చెరువో, లేదా "కొత్త" అన్న విశేషణమో. రాముడి గుడి లేని తాలూకా లేదు కాబట్టి రామాపురం లేని తాలూకా కూడా దాదాపు లేదు. వెంకటాపురాలు, కొత్తపల్లులు లెక్కపెట్టబోతే వేళ్ళు చాలవు. ఆ ఊళ్ళకు పేరు పెట్టినవారికి నాలుగు కోసుల అవతల ఏమున్నదో పట్టలేదు, పట్టవలసిన అవసరమూ లేదు. ఊరివాడికి తన ఊరు ఒక్కటే.

ఇందులో గణితం కూడా కొంత ఉన్నది. ఒక గదిలో 23 మంది ఉంటే, వారిలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైగా ఉంటుంది. సంవత్సరంలో 365 రోజులు ఉండగా ఇరవైముగ్గురికే ఇది ఎలా సాధ్యమని మొదట ఆశ్చర్యం వేస్తుంది. ఇక్కడ లెక్కలోకి తీసుకోవలసినది మనుషుల సంఖ్య కాదు, జంటల సంఖ్య. 23 మందిని ఇద్దరిద్దరుగా కలిపితే 253 జంటలు అవుతాయి, ప్రతి జంటకూ కలిసే అవకాశం కొద్దికొద్దిగా ఉంటుంది. ఇదే లెక్క ఊళ్ళకు వర్తింపజేద్దాం. పది వేల పేర్లు ఒక సంచిలో వేసి, ఒక్కొక్క ఊరికి ఒక పేరు కళ్ళు మూసుకొని తీసి, మరల సంచిలో వేస్తే, 120 ఊళ్ళు చేరేసరికే ఏవో రెండిటికి ఒకే పేరు వచ్చే అవకాశం సగం దాటుతుంది. నిజానికి జనం కళ్ళు మూసుకొని తీయరు. రాముడినీ, వెంకటేశ్వరుడినీ ఏరి ఏరి తీస్తారు. కాబట్టి పేర్లు ఇంకా త్వరగా కలుస్తాయి.

పేర్లు కలవడం వల్ల వచ్చే తిప్పలు పూర్వులకు తెలియనివి కావు. నిజాం కాలపు రెవెన్యూ దస్తరాలలో ఒకే పేరుగల రెండు గ్రామాలను "కలాన్", "ఖుర్ద్" అనే పారశీక పదాలతో విడదీశారు. కలాన్ అంటే పెద్దది, ఖుర్ద్ అంటే చిన్నది. రంగారెడ్డి జిల్లాలోని కొంగర కలాన్, కొంగర ఖుర్ద్ ఇందుకు ఉదాహరణలు. ఐ.టి. సంస్థల మేడల నడుమ ఉన్న మణికొండకు కూడా దస్తరాలలో జాగీరు, ఖాల్సా అని రెండు రూపాలు ఉన్నాయి. జాగీరు ఒకరికి ఇచ్చిన భూమి, ఖాల్సా సర్కారు చేతిలో ఉంచుకొన్న భూమి. ఈ తేడా ఇప్పుడు పన్నుకు పనికిరాదు కాని, దస్తావేజులో పొరపాటున ఒకటి బదులు మరొకటి పడితే కోర్టు మెట్లు ఎక్కిస్తుంది. కోస్తాలో పెద్ద, చిన్న అనే తెలుగు మాటలే ఈ పని చేశాయి.

రెండు నగరాలకు ఈ తిప్పలు వచ్చినప్పుడు ప్రాంతం పేరు తోడు తెచ్చుకోవలసి వచ్చింది. దేశ విభజనకు ముందు దేశంలో రెండు హైదరాబాద్‌లు ఉండేవి. ఒకటి సింధులో, ఒకటి దక్కన్‌లో. అందుకే విలాసాలలో "హైదరాబాద్ (దక్కన్)" అని వ్రాసేవారు. సింధులోని హైదరాబాద్ 1947లో పాకిస్థాన్‌లోకి పోయినా, నాంపల్లిలోని రైల్వే స్టేషను తన పేరులో దక్కన్‌ను వదలలేదు. విమానాల సంకేతాలలో ఇప్పటికీ ఈ రెండు నగరాలను వేరుచేయవలసి వస్తున్నది. ఇక్కడిది హెచ్.వై.డి., అక్కడిది హెచ్.డి.డి. నడిమి అక్షరం చూడకుండా సామాను చీటీ అంటిస్తే పెట్టె సరిహద్దు దాటవలసి వస్తుంది.

బాలానగర్‌లోనే మరొక చిత్రం కనిపిస్తుంది. అక్కడి ప్రధాన కూడలిని జనం నర్సాపూర్ చౌరస్తా అంటారు. అక్కడినుంచి మెదక్ జిల్లాలోని నర్సాపూర్‌కు రోడ్డు పోతుంది. అదే మనిషి రైలు స్టేషనుకు పోయి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, తెల్లవారేసరికి గోదావరి సముద్రంలో కలిసే తావుకు దగ్గరగా నరసాపురంలో ఉంటాడు. తెలుగులో వ్రాస్తే నర్సాపూర్, నరసాపురం అని కొంత తేడా అయినా తెలుస్తుంది. ఇంగ్లీషు అక్షరాలలో ఆ కొంతా పోతుంది. నిర్మల్ జిల్లాలో మూడవ నర్సాపూర్ ఒకటి ఉన్నది. దానికి దస్తరాలవారు కుండలీకరణంలో "జి" అనే అక్షరం తగిలించి ఊరుకొన్నారు. గూడూరు సంగతి చెప్పనవసరం లేదు. నెల్లూరు వైపు ఒకటి, కర్నూలు జిల్లాలో ఒకటి, కృష్ణా జిల్లాలో ఒకటి, మహబూబాబాద్ జిల్లాలో ఒకటి. ఇబ్రహీంపట్నాలు కూడా కనీసం మూడు మండలాలు. కొండాపూర్ అనగానే ఇప్పటివారికి హైటెక్ సిటీ పక్కన ఉన్నదే తలపునకు వస్తుంది. పురాతత్త్వ శాస్త్రజ్ఞుడికి మాత్రం సంగారెడ్డి జిల్లాలో శాతవాహనుల నాటి నాణేలు, ఇటుక కట్టడాలు బయటపడిన కొండాపూర్ గుర్తుకు వస్తుంది.

పూర్తి పేరుకే ఇన్ని తిప్పలు ఉండగా, దానిని కుదించి పొడి అక్షరాలు చేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. "ఆర్.సి.పురం" అంటే రామచంద్రపురం. భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం ఉన్న రామచంద్రపురం ఒకటి, గోదావరి డెల్టాలోని రామచంద్రపురం ఒకటి, తిరుపతికి దగ్గరగా మరొకటి. మూడింటినీ స్థానికులు ఆర్.సి.పురం అనే అంటారు. తంతి కాలంలో ఈ కుదింపునకు ఒక న్యాయం ఉండేది. తంతికి మాటల లెక్కన రుసుము కట్టాలి, కాబట్టి మాటలు తగ్గితే డబ్బు మిగిలేది. 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. పొదుపు పోయింది కాని అలవాటు పోలేదు.

తపాలా వారి సొంత పొడి అక్షరాలు కూడా సామాన్యులకు వింతగానే ఉంటాయి. హెచ్.ఓ. ప్రధాన తపాలా కార్యాలయం, ఎస్.ఓ. ఉప కార్యాలయం, బి.ఓ. పల్లెలోని శాఖా కార్యాలయం. ఇంగ్లీషులో తండ్రి పేరుకు ముందు కొడుకు అనే అర్థంలో వ్రాసే గుర్తు కూడా ఎస్, ఓ అక్షరాలే. ఊరి పేరూ తండ్రి పేరూ ఒకటే అయినప్పుడు, ఆ ఎస్.ఓ. తపాలా కార్యాలయమో తండ్రిగారో తేల్చడానికి కవరును రెండుసార్లు చదవాలి. ఎ.పి. అంటే ఆంధ్ర ప్రదేశ్ అని అందరికీ తెలుసు. అరుణాచల్ ప్రదేశ్‌కు కూడా న్యాయంగా అవే అక్షరాలు రావాలి, కాని ముందే ఒకరు కూర్చొన్నారు కాబట్టి మోటారు బండ్ల మీద దానికి ఎ.ఆర్. ఇచ్చారు. తెలంగాణ బండ్లకు 2014లో టి.ఎస్. ఇచ్చి, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టి.జి.గా మార్చారు. దేశాల అంతర్జాతీయ సంకేతాలలో టి.జి. అంటే ఆఫ్రికాలోని టోగో. బండి నంబరును ఎవరూ దేశం పేరుగా చదవరు కాబట్టి ఇబ్బంది లేదు. ఒక సంకేతం తన పట్టికలో ఉన్నంతవరకు స్పష్టమే, పట్టిక దాటినప్పుడే పేచీ.

అమెరికాలో ఇటువంటి పేచీ ఒకసారి రెండు దేశాల తపాలా శాఖల మధ్య నడిచింది. అక్కడ 1963లో జిప్ సంఖ్యలు ప్రవేశపెట్టినప్పుడు, విలాసాలు ముద్రించే యంత్రాలలో చివరి పంక్తికి చోటు చాలలేదు. ఊరు, రాష్ట్రం, సంఖ్య మూడూ ఆ ఒక్క పంక్తిలో ఇమడాలి. అందుకని ప్రతి రాష్ట్రానికీ రెండేసి అక్షరాలు కేటాయించారు. ఎమ్ అక్షరంతో మొదలయ్యే రాష్ట్రాలే ఎనిమిది ఉండగా, వాటికి రెండవ అక్షరం వెదకడం ఎంత పనో చెప్పనక్కరలేదు. నెబ్రాస్కాకు ఎన్.బి. ఇచ్చారు. ఉత్తరాన కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ అనే రాష్ట్రం ఉన్నది. దానికీ ఎన్.బి. యే. ఉత్తరాలు తారుమారు అవుతాయని కెనడా తపాలా శాఖ కోరగా, 1969లో నెబ్రాస్కా గుర్తును ఎన్.ఇ.గా మార్చారు. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఉత్తరాలు వ్రాసేవారు గమనించవలసినవి ఇంకా ఉన్నాయి. సి.ఎ. కాలిఫోర్నియాకు గుర్తు, కెనడా దేశానికీ అదే. ఐ.ఎన్. ఇండియానా రాష్ట్రానికి గుర్తు, మన దేశానికీ అదే. అందుకే దేశం పేరును ఎప్పుడూ పూర్తిగా, చివరి పంక్తిలో విడిగా వ్రాయాలి.

మన దేశంలో ఈ చిక్కుకు అంకెలతో మందు వేసినది 1972 ఆగస్టు 15న. అప్పుడు సమాచార మంత్రిత్వ శాఖలో అధికారిగా ఉన్న శ్రీరామ్ భికాజీ వేలంకర్ ఆధ్వర్యంలో పిన్ పద్ధతి వచ్చింది. వేలంకర్ సంస్కృత కవి కూడా. అంతకు పూర్వం తపాలా వేరుచేసే ఉద్యోగి గూళ్ళ బీరువా ముందు నిలబడి, ఊళ్ళ పేర్లు కంఠస్థం చేసిన జ్ఞానంతో ఉత్తరాలను గూళ్ళలోకి విసిరేవాడు. ఆయనకు ఏ లిపి రాకపోతే ఆ లిపిలో వ్రాసిన ఉత్తరం ఆగిపోయేది. అంకెలకు లిపి బెడద లేదు, పేరు కలవడమూ లేదు.

పిన్‌లో ఆరు అంకెలు. మొదటి అంకె దేశంలోని మండలాన్ని చెబుతుంది. సైన్యానికి ప్రత్యేకించిన 9తో కలిపి ఇవి తొమ్మిది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు 5. మొదటి రెండు అంకెలు చూస్తే 50 తెలంగాణ, 51 నుంచి 53 వరకు ఆంధ్ర ప్రదేశ్. మూడు అంకెలు చూస్తే ఉత్తరాలు వేరుచేసే జిల్లా తెలుస్తుంది. మిగిలిన మూడూ బట్వాడా చేసే కార్యాలయానివి. హైదరాబాద్‌కు 500, మహబూబ్‌నగర్‌కు 509. మొదట చెప్పిన కవరు మీద ఈ మూడు అంకెలు ఉంటే చాలు, రెండు బాలానగర్‌లూ విడిపోతాయి. ఆర్.సి.పురాలు కూడా అంతే. హైదరాబాద్ పక్కనిది 502తో మొదలవుతుంది, గోదావరి వైపుది 533తో.

పిన్ తపాలా దారిని అనుసరిస్తుంది, పరిపాలనను కాదు. యానాం పుదుచ్చేరి ప్రభుత్వం క్రిందిది. కాని దాని పిన్ 533464, చుట్టూ ఉన్న గోదావరి ఊళ్ళ వరుసలోనిదే. ఉత్తరం గోదావరి దారినే రావాలి కదా. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు, 2016 అక్టోబరులో తెలంగాణ పది జిల్లాలు ముప్పై ఒకటి అయినప్పుడు, 2019లో ముప్పై మూడు అయినప్పుడు పిన్ సంఖ్యలు నిలిచే ఉన్నాయి. రైల్వే సంకేతాలదీ ఇదే నిలకడ. బెజవాడ విజయవాడ అయి ఎన్నో ఏండ్లయినా, స్టేషను సంకేతం నేటికీ బి.జెడ్.ఎ.

అయితే పిన్‌కూ కొన్ని లోపాలు కలవు. దేశంలో లక్షన్నరకు పైగా తపాలా కార్యాలయాలు ఉండగా, పిన్ సంఖ్యలు సుమారు 19 వేలు. అంటే సగటున ఎనిమిది కార్యాలయాలు ఒక్క సంఖ్యను పంచుకొంటున్నాయి. పల్లెలలో ఒకే పిన్ క్రింద రెండు కొత్తపల్లులు ఉన్నా ఆశ్చర్యం లేదు. దీనికి విపర్యయం నగరంలో కనిపిస్తుంది. బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం పిన్ 500037, అదే బాలానగర్‌లోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ పిన్ 500042.

రెండవ లోపం ఇంకా సూక్ష్మమైనది. 500037 వ్రాయబోయి చివరి రెండంకెలు తారుమారై 500073 పడిందనుకొందాం. అదీ సక్రమమైన పిన్‌యే, శ్రీనగర్ కాలనీది. ఆధార్ సంఖ్యలోనూ, పుస్తకాల అంతర్జాతీయ సంఖ్యలోనూ చివరి అంకె తనిఖీ కోసమే ఉంటుంది. మిగిలిన అంకెలతో ఒక లెక్క కట్టి దానిని నిర్ణయిస్తారు, ఒక్క అంకె తప్పినా లెక్క కుదరదు, యంత్రం వెంటనే పట్టుకొంటుంది. పిన్‌లో అటువంటి కావలివాడు లేడు. ఆ పని ఊరి పేరే చేయాలి. "బాలానగర్, 500073" అని చదివిన ఉద్యోగి పేరుకూ అంకెకూ పొత్తు లేదని గ్రహించి ఉత్తరాన్ని దారి మళ్ళిస్తాడు. ఒకే విషయాన్ని రెండు విధాలుగా చెప్పడం వృథా అనిపిస్తుంది. సమాచార శాస్త్రజ్ఞులు మాత్రం కావాలనే ఆ వృథాను ఉంచుతారు, ఒకదానిలోని తప్పును మరొకటి దిద్దుతుంది కాబట్టి. పిన్ ఉన్నది కదా అని ఊరు, జిల్లా వ్రాయడం మానివేసేవారు ఈ రక్షణను చేజేతులా పోగొట్టుకొంటున్నారు.

ఉత్తరం తప్పితే రెండు రోజులు ఆలస్యం. అంబులెన్సు తప్పితే అంత తీరిక ఉండదు. 2005లో హైదరాబాద్‌లో ప్రారంభమైన 108 సేవకు ఫోను చేసేవాడు పిన్ చెప్పడు. రహదారి పక్కన రక్తంతో ఉన్న మనిషిని చూసి, కంగారులో "బాలానగర్ దగ్గర" అంటాడు. బెంగుళూరు రహదారి మీద పోయే పరవూరి లారీ డ్రైవరుకు అది ఏ జిల్లానో కూడా తెలియకపోవచ్చు. కాబట్టి అవతల ఫోను తీసినవారు జిల్లా, మండలం, దగ్గరి గుర్తు అడుగుతారు. విసుగు పుట్టించే ఆ ప్రశ్నల వెనుక ఉన్నది ఇటువంటి జంట ఊళ్ళ భయమే. అటువంటి వేళ రహదారి మీది కిలోమీటరు రాయి సంఖ్య చదివి చెప్పడం, ఊరి పేరు చెప్పడం కంటే మేలు.

ఊరి పేరుతో నిమిత్తం లేకుండా స్థలాన్నే సంకేతంగా మార్చే ప్రయత్నం ఒకటి ఈ మధ్య జరిగింది. దాని రూపకల్పనలో బాలానగర్‌కు పాలు ఉన్నది. తపాలా శాఖ, హైదరాబాద్ ఐ.ఐ.టి., ఇస్రోకు చెందిన జాతీయ దూరసంవేదన కేంద్రం కలిసి తయారుచేసిన డిజిపిన్‌ను 2025 మే నెలలో విడుదల చేశారు. దూరసంవేదన కేంద్రం కార్యాలయం నగరంలోని బాలానగర్‌లో ఉన్నది. కృత్రిమోపగ్రహాల సంకేతాలు అందుకొనే దాని కేంద్రమో, రెండవ బాలానగర్‌కు పొరుగున ఉన్న షాద్‌నగర్ వద్ద ఉన్నది.

డిజిపిన్ పద్ధతి చదరంగం పలక వంటిది. ఉత్తర అక్షాంశం 2.5 నుంచి 38.5 డిగ్రీల వరకు, తూర్పు రేఖాంశం 63.5 నుంచి 99.5 డిగ్రీల వరకు ఒక పెద్ద చతురస్రం గీస్తే అందులో భారతదేశమంతా ఇముడుతుంది. దానిని అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు భాగాలు చేస్తే పదహారు గడులు. ఒక్కొక్క గడికి ఒక గుర్తు. ఆ గడిని మరల పదహారు చేస్తే రెండవ గుర్తు. ఇలా పదిసార్లు చేస్తే పది గుర్తుల సంకేతం వస్తుంది. మొదటి గడి ప్రక్క సుమారు వెయ్యి కిలోమీటర్లు. పదవసారికి పెద్ద చతురస్రం ప్రక్క 10,48,576 ముక్కలు అవుతుంది. నాలుగు వేల కిలోమీటర్లను అన్ని ముక్కలు చేస్తే ఒక్కొక్కటి నాలుగు మీటర్ల కంటే కొంచెం తక్కువ, అంటే ఒక గదిపాటి చోటు. గుర్తులను ఏరడంలో కూడా జాగ్రత్త పడ్డారు. సున్నకూ ఇంగ్లీషు ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ పోలిక ఉన్నది కనుక ఆ నాలుగింటినీ విడిచిపెట్టారు.

లెక్క వేసి చూస్తే, మన రెండు బాలానగర్‌లకు మొదటి రెండు గుర్తులూ ఒకటే. మూడవ గుర్తు దగ్గర విడిపోతాయి, ఎందుకంటే మూడవ గడి ప్రక్క అరవై కిలోమీటర్ల పైచిలుకు, ఆ గడుల మధ్య గీత ఈ రెండు ఊళ్ళ నడుమనుంచి పోతున్నది. ఇందులోనూ తనిఖీ అక్షరం లేదు. చివరి గుర్తు తప్పితే పక్కింటికో ఎదురింటికో పోతాం, మొదటి గుర్తు తప్పితే వెయ్యి కిలోమీటర్ల అవతల తేలుతాం. అందుకే దీనిని పిన్‌కు బదులుగా కాక, పిన్‌తోనూ మామూలు విలాసంతోనూ కలిపి వాడవలసినదిగా తపాలా శాఖ చెబుతున్నది. పైగా ఈ గడులు నేలమీద గీసినవి, ఎత్తును లెక్కలోకి తీసుకోవు. నేలమీది ఇల్లూ, సరిగ్గా దాని నెత్తిన ఇరవయ్యవ అంతస్తులోని ఇల్లూ ఒకే గడిలో పడతాయి. కూకట్‌పల్లి, కొండాపూర్ వైపు లేస్తున్న మేడలలో ఆ పది గుర్తుల క్రింద అంతస్తు, తలుపు నంబరు ఇంకా చేతితో వ్రాయవలసిందే.